కానుకల సంచి ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రం. ఏ మిషనుకూ చెందని స్వతంత్ర సంఘం. మా నాన్నగారు 1994లో పూరిపాకలో మొదలుపెట్టారు. 2021లో కరోనా రెండో వేవ్‌లో ఆయన ప్రభువునందు నిద్రించారు. అప్పటి నుంచి నేనే కాపరిని (పాస్టర్ని). నా వయసు 36. ఆదివారం 140 మంది దాకా వస్తారు. అందులో తొంభై మందికి పైగా ఆడవాళ్ళే. ఏడుగురు పెద్దలున్నారు, అందరూ మగవాళ్ళే. లెక్కలు నాన్నగారి స్నేహితుడైన ఒక పెద్దాయన ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నారు. ఆ పుస్తకం ఎవరూ చూడలేదు. కానుకల సంచి మా ఇంటికే వస్తుంది. నెలకు 40 వేల దాకా ఉంటుంది. నాకు జీతమంటూ ఏమీ లేదు, ఇంటికి కావలసింది వాడుకుని మిగతాది పెద్దాయనకు ఇస్తాను. ఫోన్‌పే స్కానర్ నా నంబరుదే.

మందిరం, వెనక మా ఇల్లు కలిపి ఐదు సెంట్లు, అంతా నాన్నగారి పేరు మీదే ఉంది. వీలునామా లేదు. తమ్ముడు వాటా అడుగుతున్నాడు. అమ్మ ఏమీ మాట్లాడదు. చెల్లెలు పెళ్ళయి విజయవాడలో ఉంది. స్లాబుకు మూడు లక్షలిచ్చిన ఒకాయన గోడకు తన పేరుతో రాయి పెట్టించమంటున్నారు, వాళ్ళబ్బాయిని యవ్వనస్థుల లీడర్ని చేయమంటున్నారు. డాలస్‌లో ఉన్న మా సంఘం అబ్బాయి, వాళ్ళ స్నేహితులు కలిసి డబ్బు పంపుతామంటున్నారు. పోయిన ఏడాది పన్నెండు కుటుంబాలు విడిపోయి పక్క వీధిలో కూడిక పెట్టుకున్నాయి. రాత్రి పన్నెండుకు కూడా ప్రార్థన చేయమని ఫోన్లు వస్తాయి. "ఈ ఇల్లు ఇల్లులా లేదు, బస్టాండులా ఉంది" అంటోంది నా భార్య. ఒకటే టెన్షన్. నాకు నాయకత్వం చేతకాదేమో అనిపిస్తోంది. ఏదైనా లీడర్‌షిప్ శిక్షణకు వెళ్ళమంటారా?
— ఒక కాపరి, పల్నాడు జిల్లా

జవాబు: తమ్ముడూ, శిక్షణ సంగతి తర్వాత చూద్దాం. ఉత్తరం మధ్యలో "కానుకల సంచి మా ఇంటికే వస్తుంది" అని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్ళిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మీరు చెప్పుకున్న బాధల్లో సగానికి పైగా వేరు ఆ సంచిలోనే ఉందని నాకనిపిస్తోంది.

మీరు డబ్బు తిన్నారని నేను అనడం లేదు. తిన్నవాడు ఇంత వివరంగా ఉత్తరం రాయడు. నా సంగతి ఒకటి చెబుతాను, అప్పుడు నా బెంగ మీకు అర్థమవుతుంది.

1996 నవంబరు 6న కోనసీమ మీద తుఫాను పడినప్పుడు నేను ఆ ప్రాంతంలో ఒక చిన్న ఊళ్ళో కాపరిని. నాకప్పుడు ముప్పై రెండేళ్ళు. కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. మా కాలనీలో కప్పు నిలిచిన ఇళ్ళు ఏ నాలుగో ఐదో. వారం తర్వాత పట్నం నుంచి ఒక సంఘంవాళ్ళు లారీలో బియ్యం, చీరలు, బరకాలు పంపారు. ఎవరికి ఎంత అవసరమో నాకు తెలుసు కదా అని టార్చిలైటు పట్టుకుని రాత్రిపూట ఇంటింటికీ తిరిగి నేనే పంచాను. లిస్టు రాయలేదు, సంతకాలు తీసుకోలేదు, వెంట ఎవరినీ పిలవలేదు. మా వంటింటి కప్పు కూడా గాలికి లేచిపోయింది, ఒక బరకం తీసి దాని మీద కప్పుకున్నాను. నెల తిరక్కుండా "అయ్యగారి వంటింటి మీద కొత్త బరకం చూశారా" అన్న మాట బయల్దేరింది. ఒక బరకం పదైంది, పది యాభై అయ్యాయి. పదకొండు కుటుంబాలు మందిరానికి రావడం మానేశాయి. నేనేం చేశాను? పుల్‌పిట్ ఎక్కి "దేవుడికి తెలుసు" అని ఏడ్చాను. దేవుడికి తెలుసు, సరే. ఊరికి తెలియాలంటే ఒక కాగితం కావాలి, ఆ కాగితం నా దగ్గర లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆ మానేసినవాళ్ళలో ఒక ముసలామె ఆసుపత్రిలో మంచం మీద నా చెయ్యి పట్టుకుని అంది: "మీరు తిన్నారని కాదయ్యా. పంచేటప్పుడు మాలో ఒక్కరినన్నా పిలవలేదు." మీ పన్నెండు కుటుంబాలు ఎందుకు వెళ్ళాయో మీరు రాయలేదు. వాళ్ళు ఇలాంటి మాటే అని ఉంటారని నా ఊహ. తప్పైతే క్షమించండి.

పౌలు ఏం చేశాడో రెండవ కొరింథీయులు ఎనిమిదో అధ్యాయంలో మళ్ళీ చూడండి. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందా అది. దాన్ని తీసుకువెళ్ళడానికి తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ణి పంపుతాడు. ప్రభువు ముందే కాకుండా మనుషుల ముందు కూడా మాట పడకూడదని కారణం చెబుతాడు. అంతటి అపొస్తలుడే డబ్బు ఒంటరిగా ముట్టనన్నాడు. మన దగ్గర లెక్క అడిగితే "అభిషిక్తుణ్ణి ముట్టవద్దు", అంటే దేవుడు ఎన్నుకున్నవాణ్ణి ఏమీ అనకూడదు, అన్న మాట అడ్డమొస్తుంది. దాన్ని చెక్కు పుస్తకానికి అట్టగా వాడుకునేవాళ్ళను చాలామందిని చూశాను. ప్రవక్త సమూయేలు అభిషిక్తుడు కాడా? ముసలితనంలో ప్రజలందరి ముందు నిలబడి, ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. అడగకముందే అన్నాడు.

ఇక పని. వచ్చే ఆదివారం నుంచి సంచి మీ ఇంటి గడప తొక్కకూడదు. ఆరాధన అయిన వెంటనే, మందిరంలోనే, బల్ల మీద పోసి ఇద్దరు లెక్కపెట్టాలి. ఆ ఇద్దరూ ఒక కుటుంబంవాళ్ళు కాకూడదు, మీ చుట్టాలు అసలే కాకూడదు. నెలకో జత మారాలి. నోట్లెన్ని, చిల్లర ఎంత, మొత్తం ఎంత అని చీటీ మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం బ్యాంకులో కట్టాలి, కట్టిన స్లిప్పు ఆ చీటీకి పిన్ను కొట్టాలి. ఖర్చు ఏదైనా బ్యాంకులోంచే రావాలి. ఆదివారం వచ్చిన సంచిలోంచి మైకు అద్దె ఇచ్చేయడం, టీ డబ్బులు ఇచ్చేయడం ఆపేయండి. లెక్క జారిపోయేది అక్కడే. దశమభాగం (సంపాదనలో పదో వంతు) మీ చేతికి ఇచ్చినవాళ్ళకు రసీదు ఇవ్వండి, ఆ సొమ్ము కూడా సంచిలోకే వెళ్ళాలి. గృహ ప్రార్థనకో పెళ్ళికో వెళ్ళినప్పుడు మీకని పెట్టిన కవర్ మీదే. ఈ తేడా సంఘం ముందు ఒకసారి పైకి చెప్పేయండి, తర్వాత గొడవ ఉండదు.

నెలాఖరున వచ్చింది, ఖర్చయింది, మిగిలింది పెద్ద అక్షరాలతో చార్టు కాగితం మీద రాసి గుమ్మం పక్కన గోడకు అంటించండి. ఎవరు ఎంత ఇచ్చారో మాత్రం వద్దు. కొన్ని సంఘాల్లో మైకులో చదువుతారు, బీదవాళ్ళ మొహాలు అప్పుడు చూడాలి.

ఈ పని ఎవరికి అప్పగించాలి అంటారేమో. మీ ముందు కూర్చునే తొంభై మంది ఆడవాళ్ళలో డ్వాక్రా గ్రూపుల్లో ఉన్నవాళ్ళు ఎంతమందో ఒకసారి చేతులెత్తమనండి. పదిమందో పన్నెండుమందో కలిసి గ్రూపు నడుపుతారు. పొదుపు కడతారు, అప్పు తీసుకుంటారు, వాయిదాలు చెల్లిస్తారు. తీర్మానాల పుస్తకం రాస్తారు, ఎవరెవరు వచ్చారో సంతకాలు పెట్టిస్తారు, బ్యాంకు మేనేజరుతో మాట్లాడతారు. ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి పదింటిదాకా కదలకుండా కూర్చుని తేలుస్తారు. మీటింగులో ఏం అనుకున్నామో కాగితం మీద పెట్టడం మీ ఏడుగురు పెద్దలకన్నా వాళ్ళకే బాగా వచ్చు. నాకు కూడా అలా రాయడం నేర్పింది మా సంఘంలో ఒక డ్వాక్రా లీడరమ్మే. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో విధవరాండ్ర భోజనం దగ్గర సణుగుడు వస్తే, ఆ పని చూడటానికి ఏడుగుర్ని ఎంచుకున్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసింది గ్రీకు భాష మాట్లాడేవాళ్ళే. మనమేమో ఫిర్యాదు చేసేవాళ్ళను బల్ల దగ్గరకు రానివ్వం.

మీ పెద్దల కమిటీలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలని నా అభిప్రాయం. మీ వాక్య అవగాహనలో పెద్ద అన్న పేరు వాళ్ళకు ఇవ్వడానికి ఇబ్బంది ఉంటే ఆ పేరు పక్కన పెట్టి లెక్కల కమిటీ అనండి. నేను పేరు కోసం పోట్లాడను.

ఫోన్‌పే స్కానర్ సంగతి. మీ నంబరుకు వచ్చిన ప్రతి వంద రూపాయలూ మీ సొంత ఖాతాలో కలుస్తున్నాయి. మీ ఇంటి ఖర్చు, సంఘం కరెంటు బిల్లు ఒకే ఖాతాలోంచి పోతున్నాయి. రేపు ఎవరైనా లెక్క అడిగితే వేరు చేసి చూపించడం మీ వల్ల కాదు. ముందు సంఘం పేరుతో ఖాతా తెరవాలి, అందుకు సంఘానికి రిజిస్ట్రేషన్, పాన్ కార్డు కావాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుంటే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. మత సంబంధమైన పనికీ ఆ చట్టంలో చోటుంది. ఆ ఏడుగురిలో మీరు, మీ ఆవిడ, మీ బావమరిది అని రాసుకుంటే చేసిందంతా వృథా. మీ ఇంటి నుంచి ఒక్కరు చాలు. ఖాతాలో చెక్కు మీద ఇద్దరి సంతకం పెట్టించండి, ఆ ఇద్దరిలో మీరు ఉండొద్దు. అవును, మీరు ఉండొద్దు. మొదటి ఆరు నెలలు చెయ్యి విరిగినట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత డబ్బు గురించి అడిగినప్పుడు "కమిటీని అడగండి" అనడంలో ఎంత నిద్ర పడుతుందో మీకే తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ చేసి వదిలేయకండి, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు పంపుతూ ఉండాలి.

మీ జీతం. "కావలసినంత వాడుకుంటాను" అన్నారు. కావలసినంత అంటే ఎంత? మీ ఆవిడకు తెలుసా? మీరు లేకుండా పెద్దలు కూర్చుని జీతం నిర్ణయించాలి. మీరు బయట వేపచెట్టు కింద కూర్చోండి. అంకె నేను చెప్పను, ఒక కొలత చెబుతాను: మీ ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో సీనియర్ టీచరుకు ఎంత వస్తుందో కనుక్కోమనండి, దానికి అటూ ఇటూగా ఉంటే ఎవరూ వేలెత్తి చూపరు. తక్కువైతే తక్కువని వాళ్ళ ముందే చెప్పండి. తక్కువ జీతానికి తలూపి, తర్వాత సంచిలోంచి సర్దుకోవడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు. ఆ జీతంలోంచి మీ దశమభాగం మీరూ సంచిలో వెయ్యండి.

లెక్కల పెద్దాయన దగ్గర తొందరపడొద్దు. ఇరవై రెండేళ్ళు చూశారంటే, మీ నాన్నగారితో కలిసి ఇటుకలు మోసినవారై ఉంటారు. ఆదివారం అందరి ముందు "ఇకనుంచి కొత్త పద్ధతి" అని ప్రకటిస్తే ఆయన మొహం మీద తలుపు వేసినట్టే. ఇంటికి వెళ్ళండి. టీ తాగండి. "మావయ్యా, నాన్న పోయాక నాకు మీరే దిక్కు. మీ తర్వాత లెక్కలు చూసే ఇద్దరిని మీరే తయారుచేసి ఇవ్వాలి" అనండి. పాత పుస్తకాలు తవ్వొద్దు. ఒక తేదీ పెట్టుకోండి. ఆ రోజుకు చేతిలో ఇంత, బ్యాంకులో ఇంత, సంఘం ఎవరికైనా బాకీ ఉంటే ఇంత అని ఆయన చేత రాయించి సంతకం తీసుకోండి. అక్కడి నుంచి కొత్త పుస్తకం. బాకీల జాబితా మాత్రం వదలకండి. స్లాబు కోసమో బోరు కోసమో మీ నాన్నగారు నోటిమాట మీద తెచ్చిన అప్పులు ఉండవచ్చు. అవి ఇప్పుడు కాగితం మీదికి రాకపోతే పదేళ్ళ తర్వాత వడ్డీతో వస్తాయి. పెద్దాయన ఒప్పుకోకపోతే ఇంకో ఇద్దరు పెద్దలను తీసుకుని మళ్ళీ వెళ్ళండి. మూడోసారికీ ఒప్పుకోకపోతే అప్పుడు సంఘం ముందు. మత్తయి పద్దెనిమిదిలో ఉన్న వరసే అది, దాన్ని మనం చివరి మెట్టు నుంచి మొదలుపెడుతుంటాం.

స్థలం గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే సంఘాలు నిజంగా ముక్కలయ్యేది ఇక్కడే. దస్తావేజు మీద ఎవరి పేరుంటే చట్టం మొదట ఆస్తి వాళ్ళదనే చూస్తుంది. చందాలతో కొన్నామని మీరు, సంఘం అనుకోవచ్చు. కాగితం మీ నాన్నగారి పేరు చెబుతోంది. వీలునామా లేదు కాబట్టి క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడింట ఒక వంతు. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా, ఆడపిల్ల మగపిల్లాడు తేడా లేకుండా. అంటే ఆస్తిని తొమ్మిది భాగాలు చేస్తే అమ్మకు మూడు, మీకు రెండు, తమ్ముడికి రెండు, చెల్లెలికి రెండు. తమ్ముడు వాటా అడుగుతున్నాడని రాశారు. చెల్లెలి వాటా మాటే ఎత్తలేదు. ఆమె అడగలేదు కాబట్టి లేదనుకున్నారా?

నా సలహా ఇది. ముందు సంఘం రిజిస్ట్రేషన్ అవ్వాలి. తర్వాత సర్వేయరును పిలిచి మందిరం ఉన్న భాగాన్ని, ఇల్లున్న భాగాన్ని కొలిపించి విడదీయండి. ఇల్లున్న భాగం కుటుంబానిది, మీ నలుగురూ పంచుకోండి. మందిరం ఉన్న భాగాన్ని నలుగురు వారసులూ కలిసి సంఘం పేరిట రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ రాసివ్వండి. నలుగురిలో ఒక్క సంతకం తక్కువైనా ఆ దస్తావేజు రేపు కోర్టులో నిలబడటం కష్టం. ఆస్తి వ్యవహారాలు చూసే వకీలుకు లింకు దస్తావేజులన్నీ (ఆ స్థలం పాత దస్తావేజులు) చూపించి మరీ చేయండి, ఇందులో ప్రార్థన చేసి సంతకం పెట్టే అలవాటు పనికిరాదు.

తమ్ముడి మీద కోపం తెచ్చుకోకండి. మీ నాన్నగారి పరిచర్యకు మూల్యం చెల్లించినవాళ్ళలో అతనూ ఉన్నాడు. ఆదివారం చాపలు పరిచింది, మడిచింది అతనే అయ్యుంటాడు. దూరం నుంచి దైవజనులు వస్తే మంచం ఖాళీ చేసి నేల మీద పడుకున్నదీ అతనే అయ్యుంటాడు. మీకు ఆ తర్వాత పుల్‌పిట్ దక్కింది, గౌరవం దక్కింది. అతనికి ఏం దక్కింది? వాటా మాట్లాడేముందు ఈ మాట అతనితో మీరే అనండి. సగం గొడవ అక్కడే చల్లారుతుంది. చల్లారకపోయినా అనవలసిన మాటే.

మూడు లక్షల ఆయన విషయం తేలిక. ఒకరి పేరు చెక్కితే పిడికెడు బియ్యం ఇచ్చిన అందరి పేర్లూ చెక్కాలి, అంత గోడ మీకు లేదు. కమిటీ చేత తీర్మానం రాయించండి: ఈ మందిరంలో ఎవరి పేరుతోనూ రాయి ఉండదు, మీ నాన్నగారి పేరుతో కూడా. ఈ చివరి ముక్క ముఖ్యం. మీ నాన్నగారి ఫొటోకు దండ వేసి పుల్‌పిట్ పక్కన పెట్టుకుని ఆ దాతను మాత్రం వద్దంటే ఎవరూ ఒప్పుకోరు. ఆ దాత డబ్బు వెనక్కి అడిగితే, అడుగుతారని అనుకోను గానీ అడిగితే, వాయిదాల మీదైనా తిరిగి ఇచ్చేయండి. వాళ్ళబ్బాయి సంగతి వేరు. ఆ కుర్రవాడికి నిజంగా ఆసక్తి ఉందేమో, తండ్రి మీది కోపం అతని మీద తీర్చకండి. మూడు నెలలు కుర్చీలు సర్దే పని, మైక్‌సెట్టు చూసే పని ఇచ్చి చూడండి. ఉంటే ఉంటాడు, లేకపోతే తనే మానేస్తాడు.

డాలస్ డబ్బు. ఆ అబ్బాయికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. వాళ్ళ స్నేహితుల్లో ఎవరు ఏ పాస్‌పోర్టువాళ్ళో అడిగి తెలుసుకోండి. విదేశీ విరాళం పుచ్చుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, కింద కేంద్ర హోంశాఖ నుంచి రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు సొసైటీ పెట్టి మూడేళ్ళు అయి ఉండాలి, గత మూడేళ్ళలో సంస్థ పనుల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. వచ్చిన డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. "మా ఫలానా సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది, వాళ్ళ ఖాతాలో వేయించుకుని మీకు ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు అలా మళ్ళించడం నిషేధం. మీ సొంత ఖాతాకు "గిఫ్ట్" అని పంపించుకుని మందిరానికి వాడటం కూడా వద్దు. మనవాళ్ళు చాలామంది చేస్తుంటారు, చిక్కినవాళ్ళు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. నన్నడిగితే, నెలకు 40 వేలు వచ్చే సంఘానికి ప్రస్తుతం డాలస్ అవసరం లేదు.

రాత్రి ఫోన్లు, మీ ఆవిడ మాట. నిర్గమకాండం పద్దెనిమిదిలో మోషేకు ఈ సంగతి చెప్పింది మామగారు యిత్రో. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడివే కూర్చుంటే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అన్నాడు. జనం కూడా అన్నాడు, చూడండి. మీరు ఒక్కరే అన్నిటికీ పరుగెత్తితే వాళ్ళు వరసలో నిలబడి అలిసిపోతారు.

మీకు అంత దూరం కాదు కాబట్టి ఈ సంగతి మీరు వినే ఉంటారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర కాలంలో, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఏటి దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మన సంఘాల్లో చాలామందికి నోటికి వచ్చు. నీళ్ళలో నిలబడింది ఎవరని మాత్రం అడగరు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. అలిసినవాళ్ళు గట్టుకు వస్తే ఇంకో ఇద్దరు దిగారు. అంతకుముందు రెండేళ్ళు కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించాడు. కూలి కోసం వస్తున్నారేమో అన్న అనుమానం ఉండకూడదని సహాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అంత జనం వచ్చినప్పుడు ఆరుగురి చేతికి పని ఇచ్చినవాళ్ళుంటే, 140 మంది కోసం మీరొక్కరే అర్ధరాత్రి మేలుకుని ఉండటం ఎందుకు?

ఇలా చేసి చూడండి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఐదు దాకా మీ ఫోను బీరువాలో. అత్యవసరానికి ఇద్దరు పెద్దల నంబర్లు సంఘానికి ఇవ్వండి, వారం వారం వంతులు. ప్రాణం మీదకు వస్తే వాళ్ళే వచ్చి మీ తలుపు కొడతారు. ముందు 108కి ఫోన్ చేయమని కూడా నేర్పండి. ప్రార్థన కోసం పాస్టరు వచ్చేదాకా గుండెనొప్పి మనిషిని ఇంట్లో కూర్చోబెట్టిన ఇల్లు నేను చూశాను. సోమవారం మీకు సెలవు. ఆ రోజు మీ ఇంటికి సంఘస్థులు ఎవరైనా వస్తే గేటు దగ్గర నవ్వుతూ మాట్లాడి పంపించే బాధ్యత మీది, మీ ఆవిడది కాదు. అతిథులకు వంట కూడా స్త్రీల సమాజం వంతులేసుకుంటే ఆమె వంటింట్లోంచి బయటపడుతుంది. బస్టాండు అని ఆమె అన్నది కోపంతో కాదేమో, కూర్చునే చోటు లేక అన్నదేమో. అడగండి.

ఆ పన్నెండు కుటుంబాల గురించి పుల్‌పిట్ మీద ఒక్క మాట కూడా వద్దు, దానియేలో ఏదో వచనం తీసుకుని పరోక్షంగా కూడా వద్దు. ఎదురుపడితే వందనాలు చెప్పండి. వాళ్ళింట్లో చావు జరిగితే అందరికన్నా ముందు మీరు వెళ్ళండి. వెనక్కి రమ్మని అడగొద్దు. గోడ మీద లెక్కల కాగితం సంగతి వాళ్ళ చెవిన ఎలాగూ పడుతుంది.

మీరు అడగని విషయం ఒకటుంది, సండే స్కూల్. పిల్లలతో ఒక పెద్దమనిషి ఒంటరిగా గదిలో ఉండకూడదన్న నియమం ఇప్పుడే పెట్టండి, అది మీకు కూడా వర్తిస్తుంది. ఏదైనా జరిగిందని తెలిస్తే "సంఘం పరువు" అని ప్రార్థన చేసి సర్దుబాటు చేయకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అది నేరం.

ఇక లీడర్‌షిప్ శిక్షణ. వెళ్ళండి, వద్దనను. మూడు రోజులు మంచి భోజనం ఉంటుంది, ఇంకో నలుగురు పాస్టర్లతో మాట్లాడుకోవచ్చు, మనసు తేలికపడుతుంది. ఒక సంవత్సరం ఆగి వెళ్తే అక్కడ అడగడానికి మీ దగ్గర నిజమైన ప్రశ్నలుంటాయి. ఇప్పుడు వెళ్తే విజన్, మిషన్ అని చార్టులు రాసుకుని వస్తారు, సంచి మాత్రం ఇంటికే వస్తూ ఉంటుంది.

ఒకేసారి అన్నీ మొదలుపెట్టకండి. ఈ వారం పెద్దాయన ఇంటికి వెళ్ళండి. ఆయన సరేనన్నాక ఆదివారం ఇద్దరిని పిలిచి మందిరంలోనే లెక్కపెట్టించండి. మీ నంబరున్న స్కానర్ స్టిక్కర్ గోడ మీంచి తీసేయండి, కొత్త ఖాతా వచ్చేదాకా సంచి ఒక్కటే చాలు. మొదటి నెల కాగితం గోడకు అంటించాక దాని ఫొటో నాకు పంపండి. జీతం అని రాసిన చోట ఏ అంకె ఉందో చూడాలని ఉంది.